శవం కాపలాలో పులస పులుసు

1998 ఆగస్టు, శనివారం. తెల్లవారుజాము నుంచి ముసురు.
హాజరైనవారు: సెక్షన్ మాస్టారు, వారి భార్య, వారి అత్తగారు (తలుపు వెనక), ఎక్స్‌టర్నల్ గారు, రొయ్యల రాజుగారు, టీచరమ్మ, నేను. ఒక పిల్లి. ఒక శవం.

పై వరుసలు ఆనాటి నా డైరీలోవి. శవాన్ని హాజరు పట్టీలో ఎందుకు వేశావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఆ రోజు అందరికంటే శ్రద్ధగా పనిచేసింది అదే కాబట్టి వేశాను.

ఆ రోజుల్లో మా రాజమండ్రిలో మేడ ఉన్న ప్రతివాడూ పై అంతస్తులో ఏదో ఒక కోర్సు పెట్టేవాడు. టైపు, షార్ట్‌హ్యాండు, కంప్యూటరు, కుట్టుపని, ఇంగ్లీషు మాట్లాడటం. ఉద్యోగం లేనివాడు ఉద్యోగం కోసం, ఉన్నవాడు ఇంకో ఉద్యోగం కోసం సాయంత్రమయ్యేసరికి మెట్లెక్కేవాడు. నాకప్పటికే కాలవల ఆఫీసులో ఇన్‌వర్డు సీటు ఉంది. వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర కొట్టి, నంబరు వేసి, పక్క బల్ల మీదికి తోయడం నా పని. ఆ కాగితంలో ఏముందో చదవాల్సిన అవసరం లేదు. చదివితే పై సీటువారికి కోపం కూడా. మా ఆఫీసుకో జీపు ఉండేది. దాని ముందు సీటు ఇంజనీరు గారిది. ఆయన అందులో కూర్చుని, ఎడమ మోచెయ్యి బయటికి పెట్టి, గట్టు మీదుగా పోతుంటే రైతులు సైకిళ్ళు దిగి నిలబడేవారు. నేను నా సైకిలుని ఆ జీపు నీడలో పెట్టుకునేవాణ్ణి. జీపుతో నాకున్న బంధుత్వం అంతవరకే. మా శాఖ విజిలెన్సులో ఒక ఖాళీ రాబోతోందనీ, దానికి జీపు ఉంటుందనీ, నేర న్యాయంలో డిప్లొమా ఉన్నవాళ్ళని ముందు చూస్తారనీ మా హెడ్ గుమాస్తా గారు ఒకరోజు టీ తాగుతూ అన్నారు. ఆయన టీ అయిపోయేలోపు నేను మనసులో ఆ ముందు సీట్లో కూర్చున్నాను.

అలా చేరాను రెండేళ్ళ నేర న్యాయ డిప్లొమాలో. కాలేజీ పేరు చెప్పను (ఇప్పుడది లేదు, ఉన్నా చెప్పను). ఒక ఊరగాయల దుకాణం మీద ఉండేది. మాకు హత్యలూ దొమ్మీలూ దోపిడీలూ అన్నీ ఆ ఘాటులోనే చెప్పారు. ఇప్పటికీ పేపర్లో దొమ్మీ అన్న మాట కనపడితే నాకు మాగాయ వాసన వస్తుంది. మా వీధివాళ్ళు దాన్ని దొంగల కాలేజీ అనేవారు. "ఏం బాబూ, దొంగల కాలేజీ నుంచేనా రావడం? ఇవాళ ఏం నేర్పారేంటి, తాళాలా?" అని అరుగుల మీంచి పలకరించేవారు. మా ఆవిడైతే ఒక్కటే అడిగింది. "ఏవండీ, రెండేళ్ళు చదివాక దీంట్లో తప్పితే ఏమవుతారండీ? పోలీసు కాకుండా మిగిలేది ఇంకోటేగా?"

మొదటి ఏడాది గది నిండా ఉన్నాం. రెండో ఏడాదికి ముగ్గురం మిగిలాం. ఒకరు రాజుగారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబం. చెరువు గట్టున మోటార్లు వరసగా పోతుంటే దొంగని తానే పట్టాలని వచ్చి చేరారు. చేరిన ఏడాదికి తెగులొచ్చి రొయ్యలన్నీ పోయాయి, మోటార్లు అమ్మేశారు, దొంగకి ఆ చెరువు దగ్గర పనిలేకుండా పోయింది. అయినా ఈయన చదువు మానలేదు. "మొదలెట్టాం కదండి, సగంలో వదిలేస్తే దొంగ ఏమనుకుంటాడండి?" అనేవారు. రెండో ఆవిడ టీచరమ్మ. మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. అపరాధ పరిశోధన నవలలు అద్దెకు తెచ్చుకుని చదివి చదివి, షాపులో చదవనిది మిగలక ఇక్కడికి వచ్చారు. మూడో వాణ్ణి నేను. మేం కూడా తప్పితే కోర్సు ఎత్తేస్తారనీ, మళ్ళీ రాయడానికి పరీక్షే ఉండదనీ ముందే చెప్పేశారు. అంటే మాకున్నది ఒకే ఒక్క ప్రాక్టికల్. అది పోతే రెండేళ్ళ సాయంత్రాలూ, నా జీపూ గోదాట్లో కలిసినట్టే.

మాకు పాఠం చెప్పేవారు సెక్షన్ మాస్టారు. కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరైనా కాలు తొక్కితే ముందు సెక్షను చెప్పి, తర్వాత అబ్బా అనేవారు. ఆయనకు మా మీద ఒకే ఒక్క విషయంలో నమ్మకం లేదు. అనుమానితుణ్ణి ప్రశ్నించడం. "అండి తీసెయ్యండర్రా బాబూ! దొంగని ఎవడైనా అండి అంటాడా?" అని నెత్తి కొట్టుకునేవారు. ఒకసారి నన్ను దొంగగా నిలబెట్టి రాజుగారిని ప్రశ్నించమన్నారు. రాజుగారు గొంతు సవరించుకున్నారు. "మీరేనాండీ ఆ ఉంగరం తీసింది?" "ఆయ్, నేను కాదండి." "అలాగాండి. అనవసరంగా శ్రమ ఇచ్చాం, ఏమీ అనుకోకండి. కాఫీ తాగి వెళ్ళండి." మాస్టారు బల్ల మీద తల పెట్టుకున్నారు. కాసేపటికి తలెత్తి, "మీరు ముగ్గురూ పాసవ్వాలంటే దారి ఒకటే. ఎక్స్‌టర్నల్‌కి పులస పెడదాం" అన్నారు.

ఇది లంచం కాదు. (అదెందుకు కాదో మాస్టారు ఏకంగా ఒక క్లాసు తీసుకున్నారు.) బయటి ఊరి నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దమనిషికి భోజనం పెట్టడం మా వైపు మర్యాద, అది గోదారికి ఎర్రనీరు వచ్చే వరద రోజులైతే ఆ భోజనంలో పులస ఉండటం ఇంకొంచెం మర్యాద. ఎక్స్‌టర్నల్ గారు అనంతపురం వైపు మనిషి, రిటైరైన పోలీసు అధికారి. పులస పేరు విన్నారే గానీ తినలేదు. మాస్టారు తన అత్తగారిని నరసాపురం నుంచి ముందుగానే పిలిపించారు. ఆవిడ చేతి పులుసుకి ఆ చుట్టుపక్కల పేరు. శుక్రవారం ఉదయం చేప వస్తుంది, మధ్యాహ్నం వండుతారు, రాత్రంతా మట్టి దాకలో ఊరుతుంది, శనివారం భోజనంలో వడ్డిస్తారు. అదీ ఏర్పాటు. పులస వండిన రోజు తినేది కాదని మా వైపు పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ గోదారి ఉధృతంగా ఉందని శుక్రవారం పడవలు కదల్లేదు. చేప శనివారం చీకటితోనే వచ్చింది.

శనివారం ఉదయం నేను వెళ్ళేసరికి మాస్టారి పెరట్లో పిడకల పొగ, ఇంట్లో వాదన. వాదన అంటే ఎదురెదురుగా కాదు. ఆ అత్తగారు పాతకాలం మనిషి, అల్లుడి ఎదట పడేవారు కాదు. వంటింటి తలుపు ఓరగా వేసి, దాని వెనక పీట మీద కూర్చుని, లేసు అల్లుకుంటూ మాట్లాడేవారు. అదైనా అల్లుడితో కాదు, కూతురితో. అల్లుడుగారూ అంతే. మధ్యలో మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి ఇటు ఓ మాట, అటు ఓ మాట అందించేవారు, ఇద్దరికీ స్పష్టంగా వినపడుతున్నా సరే.

"అల్లుడుగారితో చెప్పవే, ఇది రేపటి సరుకు అని."

"రేపటి సరుకంటండి."

"మీ అమ్మగారితో చెప్పు, ఎక్స్‌టర్నల్ రేపటి సరుకు కాదని. సాయంత్రం బండికి వెళ్ళిపోయే సరుకని."

"సాయంత్రం బండికి వెళ్ళిపోతారంటమ్మా."

తలుపు వెనక లేసు సూది ఆగింది. "ఉత్త చేపల పులుసు తిని, పులసంటే ఇంతేనా అని వాళ్ళ ఊళ్ళో చెప్పుకుంటాడే ఆయన. ఎవరు వండారంటే నా పేరు చెప్తారు." ఆ మాటకి మాస్టారి దగ్గర సెక్షను లేదు. "వడ్డించెయ్యమను" అని బయటికి వచ్చేశారు.

నా పని శవాన్ని తయారు చెయ్యడం. కింద దుకాణంవాళ్ళు ఊరగాయ పీపాలు కాలేజీ గదిలో పెట్టేశారు కాబట్టి ప్రాక్టికల్ మాస్టారింట్లోనే పెట్టారు. వెనక వసారాలో ఒక హత్య జరిగినట్టు, మేం వెళ్ళి నేరస్థలాన్ని పరిశీలించినట్టు ఏర్పాటు. పొడుగాటి బాలీసు దిండుకి మాస్టారి పాత చొక్కా తొడిగి, లుంగీ చుట్టి, చాప మీద పడుకోబెట్టి, పైనుంచి కింద దాకా తెల్ల దుప్పటి కప్పాను. తలకి కొబ్బరికాయ అడిగితే మాస్టారి భార్య ఇవ్వలేదు. తలలేని శవంతోనే సరిపెట్టాం. చుట్టూ మంచం నవారు కట్టాను. ఎక్స్‌టర్నల్ గారు చెప్పేదాకా ఆ నవారు ఎవరూ దాటకూడదని మాస్టారు ఇల్లంతా చాటింపు వేశారు.

ఎక్స్‌టర్నల్ గారు పది దాటాక వచ్చారు. భారీ మనిషి, భారీ మీసం. కుర్చీలో కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చి, "అదేనా?" అన్నారు. "అదేనండి" అన్నారు మాస్టారు. ఇక ఆయన మనసు ప్రశ్నల మీద లేదు. ఐపీసీ గురించి రాజుగారిని ఏదో అడిగి, జవాబు వినకుండా వంటింటి వైపు చూస్తున్నారు. అప్పుడు మాస్టారి భార్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో కోసిన అరిటాకులు అలాగే ఉన్నాయి.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి. దాక లేదండి."

"లేకపోవడమేంటి?"

"లేదండి. నేను అరిటాకులు కోసుకొద్దామని పెరట్లోకి వెళ్ళానండి. వచ్చేసరికి లేదు. అమ్మ దొడ్లో కాళ్ళు కడుక్కుంటోందంట, ఎవరూ రావడం చూళ్ళేదంట."

నేర న్యాయం బోధించే ఇంట్లో, పోలీసు అధికారి ముందు గదిలో ఉండగా, ముగ్గురు డిప్లొమా విద్యార్థుల కళ్ళ ముందు దొంగతనం. మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. ఎక్స్‌టర్నల్ గారు మాత్రం లేచి నిలబడ్డారు. పదేళ్ళు తగ్గినట్టు కనపడ్డారు. "ఏమప్పా, బొమ్మ శవం ఎందుకు మనకు? నిజం కేసే వచ్చె. ఇదే మీ ప్రాక్టికల్. దాక యాడుందో, ఎవురు తీసినారో తేల్చండి. తేల్చినోడు పాసు. తేల్చకుంటే ముగ్గురూ ఫెయిలే." పాపం హత్యకేసు అలా వసారాలోనే మూలపడింది. దుప్పటి కింద శవాన్ని మళ్ళీ ఎవరూ పలకరించలేదు.

రాజుగారు వెంటనే పెరట్లో అడుగు జాడల మీద పడ్డారు. కాలేజీవాళ్ళిచ్చిన ప్లాస్టర్ పొడి నీళ్ళలో కలిపి జాడల్లో పోశారు. ముసురుకి అది గట్టిపడలేదు, పల్చటి మజ్జిగలా పెరడంతా పారింది. తలుపు వెనక నుంచి గొంతు వినపడింది. "రాజుగారు పెరట్లో ముగ్గేస్తున్నారా ఏంటే? చినుకులు తగ్గాక వెయ్యమను, చెదిరిపోద్ది." చివరికి ఒక్కటి మాత్రం ఎలాగో గట్టిపడింది. దాన్ని పళ్ళెంలో పెట్టుకుని వచ్చి అందరి చెప్పులతోనూ కొలిచి చూశారు. ఎవరిదీ కాదు. ఎక్స్‌టర్నల్ గారు రాజుగారి కాళ్ళ వైపు చూసి, "నీవీ చూడప్పా" అన్నారు. చూశారు. కుదిరింది. "నేనైతే తియ్యలేదండి" అన్నారు రాజుగారు, నిజంగానే ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చినట్టు.

టీచరమ్మ పద్ధతి వేరు. ఆడవాళ్ళతో ఆడవాళ్ళు మాట్లాడితేనే నిజం తెలుస్తుందని తలుపు వెనక్కి వెళ్ళారు. చాలాసేపటికి బయటికి వచ్చారు. చేతిలో ఓ లేసు ముక్క. "ఏం తెలిసిందమ్మా?" అని ఎక్స్‌టర్నల్ గారు ఆత్రంగా అడిగారు. "ఈ నెమలి అల్లిక మొదలెట్టేటప్పుడు దారం రెండు మడతలు వెయ్యాలంటండి. మా మేనకోడలి పెళ్ళికి ఓ టేబుల్ క్లాతు అల్లిపెడతానన్నారు" అన్నారు టీచరమ్మ, ఆ తర్వాత గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇన్‌వర్డు సీటు పద్ధతి. వచ్చినదేంటి, పోయినదేంటి, ఏది ఎక్కడుంది. వంటింటి గట్టు ముందు నిలబడి చూశాను. దాక పోయింది. సరే. దాక దొర్లకుండా కింద పెట్టే గడ్డి చుట్టకుదురు కూడా పోయింది. ఇదేమిటి? పులుసు కోసం వచ్చిన దొంగకి చుట్టకుదురుతో ఏం పని? ఎత్తుకుపోయేవాడు దాకనే ఎత్తుకుపోతాడు. అది ఒలకకూడదు, కుదురుగా కూర్చోవాలి, లోపలి ముక్క చెదరకూడదు అని ఆలోచించేది ఒక్కరే. వండినవాళ్ళు.

అక్కడ నుంచి వసారాలోకి వచ్చాను. అక్కడ మాస్టారింటి పిల్లి నవారు పక్కన కూర్చుని శవం వైపే తదేకంగా చూస్తోంది. రాజుగారు నా పక్కకి వచ్చి, "చూశారాండి, మూగజీవానికి ఎంత విశ్వాసమో! బాలీసైనా సరే, మాస్టారి చొక్కా వేశాం కదండి" అని కళ్ళు తుడుచుకోబోయారు. నేను శవాన్ని చూస్తున్నాను. పొద్దున్న నా చేతులతో నేనే పడుకోబెట్టిన శవం. తలలేని శవం. దానికి తల వచ్చింది. దుప్పటి కింద గుండ్రంగా, నిబ్బరంగా, చుట్టకుదురు మీద కూర్చున్నంత కుదురుగా.

ఇల్లంతా వెతికారు. గాదెలో చూశారు, బావిలోకి తొంగి చూశారు, పక్కింటివాళ్ళ గోడ మీంచి చూసి వాళ్ళ చేత మాటలు పడ్డారు. ఎక్స్‌టర్నల్ గారు ముక్కు ఎగబీలుస్తూ, "వాసన వస్తాంది. వస్తువు ఈ కొంపలోనే ఉంది" అంటూ శవం చుట్టూ రెండుసార్లు తిరిగారు. నవారు మాత్రం దాటలేదు. సర్వీసంతా నేరస్థలాన్ని గౌరవించిన మనిషి. మధ్యాహ్నం అందరం వంకాయ కూరా పప్పుచారూ తిన్నాం. ఆయన మజ్జిగలోకి వచ్చేసరికి తలుపు వెనక నుంచి ఒక మాట వచ్చింది. "ఆ బాబుగారిని ఈ పూటకి ఉండమనవే. దొరికితే రేపు పొద్దున్న పెడదాం." దొరికితే సాయంత్రం పెడదాం అనలేదు, దొరకగానే పెడదాం అనలేదు. రేపు పొద్దున్న. ఆ మాట పట్టుకోవాల్సిన ముగ్గురిలో ఇద్దరు ఆవలిస్తున్నారు.

భోజనాలయ్యాక నా వంతు వచ్చింది. "పోప్పా, ఆ పెద్దామెను అడుగు. గట్టిగా అడుగు" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు. నాకు తెలుసు. ఒక్క ప్రశ్న. "మామ్మగారూ, దాక మీరే తీశారా?" అంతే. ఆ ఒక్క వాక్యానికి అవతల డిప్లొమా ఉంది, దాని అవతల విజిలెన్సు, దాని అవతల జీపు, జీపులో ముందు సీటు. నేను తలుపు వెనక్కి వెళ్ళాను.

"కూర్చో బాబూ, పీట లాక్కో. ఎవరబ్బాయివి?"

"ప్రశ్నలు నేను అడగాలండి మామ్మగారూ."

"అడుగు బాబూ, ఎవరొద్దన్నారు? ఎవరబ్బాయివో తెలియకుండా ఎవరికని చెప్పను? మీదే ఊరు?"

"ద్రాక్షారామం దగ్గరండి."

"దగ్గరంటే ఎటు దగ్గర?"

అయిపోయింది. ఆ తర్వాత నేను అడిగిన ప్రశ్న ఏమీ డైరీలో లేదు, ఎందుకంటే అడగలేదు. ఊరు చెప్పాను, ఇంటిపేరు చెప్పాను. మా నాయనమ్మ పాలకొల్లు ఆడపడుచని చెప్పించారు. "ఓరి నీ దుంపతెగ, చామనఛాయగా, ఇంత పొడుగు జడ! ఆవిడా నేనూ ఒకే అరుగు మీద లేసు నేర్చుకున్నాం. అయితే నువ్వు నాకు మనవడివిరా!" అన్నారు. పిల్లలెందరో చెప్పాను. జీతం చెప్పాను. "మరి పెళ్ళాం పిల్లల్ని వదిలేసి సాయంత్రాలు ఈ దొంగల చదువేంట్రా?" అన్నారు. ఆ సూది ఆగకుండా అల్లుతోంది, ఆ కళ్ళు దారం మీదే ఉన్నాయి. మా ఆవిడకి కూడా చెప్పని సంగతి, హెడ్ గుమాస్తాకి చెప్పని సంగతి, నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"జీపండి. ముందు సీట్లో కూర్చోవాలనండి."

ఆవిడ నవ్వలేదు. "అంతేనా?" అన్నారు, చాలా మామూలుగా.

వాంగ్మూలం తీసుకోవడానికి వెళ్ళినవాణ్ణి ఇచ్చేసి కూర్చున్నాను. మాస్టారు రెండేళ్ళుగా చెప్పిన పద్ధతులన్నీ (ముందు చనువు, తర్వాత చిన్న ప్రశ్నలు, ఆ తర్వాత మౌనం) ఆవిడ ఒక్కటీ వదలకుండా నా మీద వాడారు. అయినా ఆఖరిసారి ప్రయత్నించాను.

"మామ్మగారూ, ఆ దాక..."

"ఆఁ, దాక?"

మా నాయనమ్మతో అరుగు పంచుకున్న మనిషి. కన్నకూతురు నమ్మిన మనిషి. అల్లుడి మాట కాదనలేక, తన చేతి పేరు పోగొట్టుకోలేక, ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోని ఒకే ఒక్క చోటు వెతుక్కున్న మనిషి. తీశారా అని ఎలా అంటాను? అండి చేర్చినా అనలేను.

"అందులో పులుసు... ఎన్నాళ్ళు నిలవుంటుందండి?"

సూది ఆగింది. ఆవిడ మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. "రేపటికైతే మా బాగా ఉంటుంది బాబూ" అన్నారు నెమ్మదిగా.

బయటికి వచ్చాను. "తేలిందా?" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు.

"రేపు ఉదయానికి తేలుతుందండి. కొంచెం గడువు ఇప్పించాలండి."

"వాయిదా!" అన్నారు మాస్టారు. ఆ రోజంతా వాడిపోయిన ముఖం ఆ ఒక్క మాటతో కళకళలాడింది. జీవితమంతా వాయిదాల మధ్య బతికిన మనిషి. నేర న్యాయంలో నేను నిజంగా నేర్చుకుని, సమయానికి వాడుకున్న ఒకే ఒక్క విద్య అది. ఎక్స్‌టర్నల్ గారు నన్ను కిందనుంచి పైదాకా చూసి, మీసం దువ్వుకుని, "సర్వీసులో తేలని కేసు లేదప్పా నాకు. ఇది తినకుండా పోను" అని సాయంత్రం బండి మానుకున్నారు. నేను వెళ్ళేటప్పుడు పిల్లిని ఎత్తి ముందు గదిలో పెట్టి తలుపు వేసి వెళ్ళాను. అనుమానితురాలికి నేను చేసిన సహాయం అదొక్కటే.

మర్నాడు ఉదయం ఆదివారం. ముసురు తగ్గింది. మేం ముగ్గురం వెళ్ళేసరికి ఎక్స్‌టర్నల్ గారు ఆకు ముందు కూర్చుని ఉన్నారు. తెల్లటి అన్నం, దాని మీద ముదురు రంగుకి తిరిగిన ఎర్రటి పులుసు, పక్కన చెక్కుచెదరని ముక్క. మొదటి ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి రెండోసారి వడ్డన అయిపోయింది. మూడోసారి వడ్డించాక గానీ ఆయనకి ఉద్యోగం గుర్తు రాలేదు.

"అమ్మా, యాడ దొరికె ఇది?"

తలుపు వెనక నుంచి నేరుగా జవాబు వచ్చింది. "శవం దగ్గరండి."

"ఎవురు పెట్టినారు?"

"నేనేనండి. అడిగితే నిన్ననే చెప్పేదాన్ని. పొద్దుటి నుంచి ఇంతమంది వచ్చారు, మంచి చెడ్డా అన్నీ అడిగారు గానీ ఆ మాట ఎవరూ అడగలేదండి."

మాస్టారు గోడ వైపు తిరిగిపోయారు. ఎక్స్‌టర్నల్ గారు చెయ్యి ఆకులోనే ఉంచి రాజుగారిని చూశారు, టీచరమ్మని చూశారు, నా దగ్గర ఆగారు. "నీకు తెల్సు. నిన్ననే తెల్సు. ఎందుకు అడగలేదు?" నేను తలుపు వైపు చూశాను. "సాక్ష్యం నేనే తినేస్తి. ఇంక కేసేముంది? ముగ్గురూ పాసు" అని, చెయ్యి కడుక్కుని కాగితాల మీద సంతకాలు చేశారు. నా కాగితం మీద మాత్రం ఇంకో వాక్యం రాశారు. పరిశీలన బాగుంది, ప్రశ్నించడం చేతకాదు. (విజిలెన్సువాళ్ళు మొదటి సగం చదివి తలాడించారట, రెండో సగం చదివి కాగితం పక్కన పెట్టారట. నేను ఇన్‌వర్డు సీట్లోనే ముద్రలు కొట్టి, అక్కడే రిటైరయ్యాను. ఇవాళ్టికీ మా ఇంట్లో డబ్బాలో చివరి కజ్జికాయ ఎవరు తిన్నారో నాకు ఖచ్చితంగా తెలుస్తుంది. అడగను.)

ఎక్స్‌టర్నల్ గారిని స్టేషనుకి దింపడానికి ఆయన కింద పూర్వం పనిచేసినవాళ్ళెవరో పోలీసు జీపు పంపించారు. ఆయన అలవాటుగా ముందు సీటు వైపు నడిచారు. మాస్టారి భార్య మిగిలిన పులుసు దాకని ఆయనతో పంపడానికి, చుట్టకుదురుతో సహా, గుడ్డ కట్టి గుమ్మంలోకి తెచ్చారు. వెనకాలే ఆ గొంతు. తలుపు వెనక నుంచి కాదు ఈసారి, గుమ్మం దాకా వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, అల్లుడుగారి ఎదటే.

"వెనక సీట్లో కుదుపులకి ఒలికిపోద్దండి బాబుగారూ. మా మనవడు ముందు కూర్చుని ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంటాడు. మీరు వెనక్కి సర్దుకోండి."

పెద్ద పెద్ద నేరస్థుల్ని గడగడలాడించిన ఆ మనిషి బుద్ధిగా వెనక్కి వెళ్ళి, స్టేషను దాకా సాగనంపడానికి ఎక్కిన రాజుగారికీ టీచరమ్మకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఒళ్ళో దాక. పొద్దున్న పొయ్యి మీద వెచ్చబెట్టిన వేడి ఇంకా ఉంది. డ్రైవరు దాకని చూసి బండి నెమ్మదిగా నడిపాడు, ఎంత నెమ్మదిగా అంటే సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటుకుని వెనక్కి తిరిగి చూసేంత. ఎడమ మోచెయ్యి బయటికి పెట్టాలని ఉంది, కానీ రెండు చేతులూ దాక మీద ఉన్నాయి. మెయిన్ రోడ్డు మలుపులో మా హెడ్ గుమాస్తా గారు కూరగాయల సంచీ తగిలించుకుని సైకిలు మీద ఎదురొచ్చారు. పోలీసు జీపునీ, ముందు సీట్లో నన్నూ, ఒళ్ళో గుడ్డ కట్టిన దాకనీ, వెనక మీసాలాయననీ చూశారు. గబుక్కున సైకిలు దిగి నిలబడ్డారు.

"ఏంటయ్యా ఇది, దాకతో సహా దొరికిపోయావా?"

ఏం చెప్పను? దిగి నిలబడ్డారు, అది చాలు. తల పంకించి ముందుకి చూశాను. మూడు పదులు దాటి, ఇద్దరు పిల్లల తండ్రినై, పులుసు దాక ఒళ్ళో పెట్టుకుని, గోదారి గాలి ముఖాన కొడుతుంటే ఊరంతా నన్నే చూస్తోందని మురిసిపోతున్న ఆ మనిషిని ఇప్పుడు తలుచుకుంటే, ఇంకో రెండు వీధులు తిప్పి తీసుకెళ్ళమని ఆ డ్రైవరుకి చెప్పాలనిపిస్తుంది.